కుట్లు విడిన కారణం

కోడంబాక్కం స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఆసుపత్రిలో ఆపరేషన్ కుట్లు విడిపోవడమనేది లేదు. అంటే విడిపోవని కాదు. పొట్ట కోశాక కుట్టాలి, కుట్టాక ఎక్కడో ఒకటీ అరా విడిపోక తప్పదు, అది లోకంలో అన్ని ఆసుపత్రుల్లోనూ ఉన్నదే. కాని ఇక్కడ దాన్ని ఆ మాటతో పిలవరు. “కుట్టు కాస్త సడలింది” అని రాస్తారు. “అంచులు ఇంకా కలవలేదు” అని రాస్తారు. ఒకసారి లోపలి పొర దాకా తెరుచుకుంటే “గాయం మరికొంత విశ్రాంతి కోరుతోంది” అని ఒక కుర్ర డాక్టరు రాశాడు. ఆ మాట అందరికీ నచ్చింది. ఆ తర్వాత చాలామంది వాడుకున్నారు.

సునయన ఉద్యోగం ఈ మాటలన్నిటినీ ఏరుకొచ్చి, వాటి ఎదురుగా “విడిపోయింది” అని రాయడం. పైతోలు మటుకే విడిందా, కింది గట్టి పొర కూడా విడిందా, లేక మొత్తం తెరుచుకుని పేగులే కనబడ్డాయా అన్నది ముందు తేల్చాలి. తర్వాత కారణం రాసి, రిపోర్టు పైకి పంపాలి. నర్సింగ్ చదివి నరసరావుపేటలో కొన్నాళ్ళు వార్డు డ్యూటీలు చేసిన మనిషి. భర్తకు షోళింగనల్లూరులో ఉద్యోగం వస్తే చెన్నై వచ్చి, ఈ ఆసుపత్రిలో క్వాలిటీ అనే గదిలో కుదురుకుంది. అదేం ఉద్యోగమే అని వాళ్ళమ్మ ఫోన్లో అడిగితే “ఊడిన కుట్లు చూసి రాసుకునే ఉద్యోగం” అని చెప్పింది. వాళ్ళమ్మ చుట్టాలతో “డాక్టర్లకి మార్కులేసే ఉద్యోగం” అని చెప్పుకుంది.

రిపోర్టులో కారణాలకు రెండు వైపులున్నాయి. ఒకటి రోగి వైపు, రెండోది ఆసుపత్రి వైపు. దగ్గు, మలబద్ధకం, షుగరు, బరువులెత్తడం, ఇంటివారి అజాగ్రత్త ఇవన్నీ రోగి వైపు. చీము, దారం, ముడి ఆసుపత్రి వైపు. సునయన వచ్చేనాటికి ఆసుపత్రి వైపు గడులు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. రోగుల వైపు మాత్రం చోటు చాలేది కాదు. చెన్నైలో రోగులంత అజాగ్రత్త మనుషులు ఇంకెక్కడా ఉండరని ఎవరైనా ఆ రిపోర్టులు చూస్తే అనుకుంటారు.

నిజం చెప్పాలంటే అక్కడి పెద్ద సర్జన్ తిరువేంగడం గారి చెయ్యి మంచిది. గిట్టనివాళ్ళు కూడా ఈ మాట ఒప్పుకుంటారు. ఆయనకు ఇంట్లో తెలుగు, బయట తమిళం, ఆపరేషన్ గదిలో ఇంగ్లీషు. కోపం వస్తే మూడూ. ఆయనకున్న బలహీనత ఒక్కటే. డిశ్చార్జి అయ్యే రోగి ఇంటికి పోయేముందు ఆయన గదికి వచ్చి కనబడి పోవాలి. అది రూలు కాదు, కాని రూలు కంటే గట్టిగా నడిచేది. రోగి తలుపు దగ్గరకు వచ్చేసరికి డాక్టరుగారి కుర్చీ బల్ల వెనక నుంచి కాస్త పక్కకు తిరిగేది. బూట్లు బల్ల కింద ఉండిపోయేవి, తెల్ల సాక్సులతో కాళ్ళు మాత్రం బయటికి వచ్చేవి. రోగి వంగేవాడు. “వద్దు, వద్దు” అనేవారు డాక్టరుగారు. రెండో “వద్దు” పూర్తయ్యేలోపల తల సాక్సులకు తగిలేది, వద్దంటున్న చెయ్యే దీవించేది. ఊరంతా అలవాటైపోయిన మర్యాద, దీన్ని ఎవరూ తప్పు పట్టలేదు. సునయన కూడా పట్టలేదు.

కోటి కూడా అలాగే మొక్కాడు.

కోటి సినిమా స్టూడియోలో లైట్‌మేన్. నలభై దాటిన మనిషి. ఒక రోజు సెట్టు మీద ఉండగా కడుపు పట్టుకుని పడిపోయాడు. లోపల పుండు చిల్లు పడింది. ఆటోలో తెచ్చి పడేసేసరికి ఒళ్ళు చల్లబడిపోతోంది. తిరువేంగడం గారు భోజనం సగంలో లేచి వచ్చి, పొట్ట నిలువునా కోసి, కడిగి, చిల్లు మూసి, కుట్టి, బతికించారు. ఇందులో అతిశయోక్తి లేదు. ఇంకాస్త ఆలస్యమైతే కోటి లేడు.

డిశ్చార్జి రోజున కోటికి, అతని భార్య అమ్ములుకు జాగ్రత్తలు చదివి వినిపించింది సునయనే. బరువులెత్తకూడదు. దగ్గొస్తే పొట్టకి దిండు అదుముకుని దగ్గాలి. ముందుకు వంగకూడదు. పక్క మీంచి లేచేటప్పుడు ఒక వైపు తిరిగి చేతి మీద లేవాలి. అమ్ములు ప్రతిదానికీ తలూపి, మళ్ళీ ఒకసారి తనే ఒప్పజెప్పింది. అక్కణ్ణుంచి ముగ్గురూ డాక్టరుగారి గదికి వెళ్ళారు. కుర్చీ తిరిగింది. కోటి చేతులు జోడించి ముందుకు అడుగేశాడు. అతను ఉత్తినే వంగేలా లేడు, ఏకంగా నేల మీద సాగిలపడేలా ఉన్నాడని అమ్ములుకు అర్థమై, చటుక్కున వెనకనుంచి చొక్కా పట్టుకుంది. బొత్తం ఒకటి తెగి బల్ల కిందకు పోయింది.

“విడువమ్మా, మొక్కనీ, వాడి తృప్తి” అన్నారు డాక్టరుగారు.

డాక్టరే చెప్పాక ఇంక పట్టుకోవడమేమిటి. అమ్ములు విడిచిపెట్టింది. కోటి బోర్లా పడుకుని మొక్కాడు. లేవడానికి మటుకు తంటాలు పడ్డాడు. మోచేతుల మీద ఆని, పళ్ళు బిగబట్టి లేచాడు. ముఖం పాలిపోయింది. అందరూ దాన్ని భక్తి అనుకున్నారు.

రెండు రోజులు తిరక్కుండా కట్టు గులాబీ రంగు నీళ్ళతో తడిసిపోయి కోటి మళ్ళీ వచ్చాడు. పైకి చూస్తే రెండు కుట్లే విడినట్టున్నాయి, లోపల గట్టి పొర జానెడు విడిపోయింది. మళ్ళీ మత్తిచ్చి, మళ్ళీ కుట్టారు. డ్యూటీ డాక్టరు “కుట్టు కాస్త సడలింది” అని రాశాడు. సునయన దాన్ని కొట్టేసి “లోతు పొర విడిపోయింది” అని రాసింది. అంతవరకు తన పని నిక్కచ్చిగానే చేసింది.

కారణం దగ్గరే వచ్చింది చిక్కు. చీము లేదు. దారం అనో ముడి అనో అందామంటే అది పెద్దాయన వేసిన ముడి, మళ్ళీ తెరిచినప్పుడు చూస్తే ముడి ముడిలాగే ఉంది, దారమే పొరను కోసుకుని బయటికి వచ్చింది. షుగరు లేదు, దగ్గు లేదు, మలబద్ధకం లేదు. ఇక మిగిలినవి బరువులెత్తడం, ఇతరములు. ఇతరములు నొక్కితే కంప్యూటరు ఒక పెద్ద పేజీ తెరిచి, వివరంగా రాయమంటుంది. రాసింది అడ్మినిస్ట్రేటర్ ఆనందన్ గారి దగ్గరకు పోతుంది. అది శుక్రవారం సాయంత్రం, కిందికి క్యాబు వచ్చి హారను కొడుతోంది. కోటి లైట్లు మోసే మనిషే కదా, ఇంట్లో ఏదో ఎత్తే ఉంటాడనుకుని సునయన “బరువులెత్తడం” నొక్కింది. పాపం, ఆ వేళకు ఎవరైనా అదే నొక్కుతారు. ఆ గడి నొక్కగానే పక్కన “ఇంటివారి అజాగ్రత్త” అనే గడిలో దానంతటదే టిక్కు పడింది. అది తీయాలంటే మళ్ళీ ఇతరములకే పోవాలి. సునయన పంపేసి క్యాబెక్కింది.

సోమవారం ఆమె రెండో అంతస్తుకు వెళితే వార్డు బయట మెట్ల మీద అమ్ములు కూర్చుని ఉంది. పక్కన టిఫిన్ క్యారియరు, మూత కూడా తీయలేదు.

“ఏంటమ్మా, ఇక్కడ కూర్చున్నావు? లోపలికెళ్ళలేదా?”

“పాసు అత్త తీసుకునింది మేడం” అంది అమ్ములు.

ఆ ఆసుపత్రిలో ఒక రోగికి ఒక్కటే పాసు. మెళ్ళో పాసున్నవాళ్ళే లోపలికి పోవాలి, మిగతావాళ్ళను వాచ్‌మన్ మెట్ల దగ్గరే ఆపేస్తాడు. మొదటిసారి కోటి ఉన్నన్నాళ్ళూ ఆ పాసు అమ్ములు మెళ్ళోనే ఉండేది.

“అదేంటి? మార్చుకోవచ్చుగా?”

“అడిగినా ఈలా. నేను ఆయన చేత నీళ్ళ కుడాలు మోపించినానంట. బరువులెత్తినాడని కాయితంలో ఉండాదంట. యూనియనాఫీసు తంబి వచ్చి అత్తకి చదివి చెప్పినాడు, ఇంటోళ్ళ అజాగ్రత్త అని. ఇంటోళ్ళంటే ఎవురు మేడం, నేనే గదా.” అమ్ములు ఏడవడం లేదు. ఏడుపు అంతకుముందే అయిపోయినట్టుంది. “నేను ఆయన్ని చెంబు గూడా ఎత్తనీలా. అన్నం గూడా మంచం కాడికే తీసకపోయి ఇచ్చినా. సూసేదానికి గూడా రావొద్దంటా ఉండాది. కుట్టు మానినంక గూడా ఇంటికి రావొద్దంట, మాధవరంలో మా అమ్మోళ్ళ ఇంటికి పొమ్మంటా ఉండాది. కొడుకుని సంపేదానికి సూసిందాన్ని ఇంట్లో పెట్టుకోను అనేసింది.”

 ఆ కాగితం సునయన గదిలోంచే పోయింది. సినిమా కార్మికుల యూనియన్ వాళ్ళు వైద్యం ఖర్చు ఇవ్వాలంటే కారణం చూపించాలి, అందుకని రిపోర్టులో రాసిన కారణమే వాళ్ళ కాగితంలోకి ఎక్కుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ కాగితం ఎవరైనా ఎవరికైనా చదివి వినిపిస్తారన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు.

“ఆయన డాక్టరుగారికి మొక్కిన సంగతి మీ అత్తకి చెప్పలేదా?”

“చెప్పినా. దాంతో ఇంకా కోపమొచ్చింది. సామికి మొక్కితే కడుపు తెగతాదా, నీ తప్పుకి ఆ మహానుబావుడి పేరు పెడతావా అని ఎగిరింది.” అమ్ములు క్యారియరు మూత సర్దింది. “ఆయనకి ఆ పొద్దే తెలిసింది మేడం. ఆటోలో కూర్చోంగానే, లోపల ఏందో పట్టుమనింది అమ్ములూ అన్న్యాడు.”

సునయన లోపలికి వెళ్ళింది. కోటి తల్లి మునెమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. పాసు మెళ్ళో వేసుకుని, దాని మీద పైట కప్పుకుంది, ఎవరైనా లాక్కుంటారన్నట్టు. ఆమె వేణ్ణీళ్ళకోసం బయటికి వెళ్ళేదాకా సునయన కేస్ షీటు తిరగేస్తూ నిలబడి, అప్పుడు కోటిని అడిగింది.

“మీరు చెప్పొచ్చుగా కోటిగారూ, మీ అమ్మగారికి?”

కోటి ఫ్యాను వైపు చూశాడు. “ప్రాణం పోసినాడు మేడం. ఆయన మింద ఎట్ట జెప్పేది?”

“మీ ఆవిడ మెట్ల మీద కూర్చుంది.”

“అమ్ములు తట్టుకుంటాది మేడం” అన్నాడు కోటి. “డాక్టరయ్య తట్టుకోలేడు.”

సునయనకు ఒళ్ళు మండింది. పొట్టకు కుట్లున్న మనిషిని ఏమీ అనకూడదని తనకు తనే చెప్పుకుని బయటికి వచ్చేసింది. కోటి మీద వచ్చిన కోపంలో సగం తన మీద వచ్చిందేనని మెట్లు దిగుతుంటే తెలిసింది. అతను నోరు విప్పలేదు, నిజమే. తను మాత్రం నోరు విప్పి తప్పు చెప్పింది.

ఆనందన్ గారి గది కింద ఉంది. వచ్చే వారం ఆసుపత్రికి గుర్తింపు ఇచ్చేవాళ్ళు తనిఖీకి వస్తున్నారు. అందుకని ఆయన గోడలకు రంగులు వేయిస్తున్నాడు.

“కోటి రిపోర్టు మళ్ళీ తెరవాలండీ” అంది సునయన.

“మూసిన రిపోర్టు తెరవాలంటే దానికో రిపోర్టు పెట్టాలి మేడం” అన్నాడు ఆనందన్. “ఎందుకు తెరుస్తున్నారో, ఎవరి వైపు కారణమో రాయాలి.”

“నా వైపే. చూసింది రాయకుండా తోచింది రాశాను.”

“అది మీ సర్వీసు ఫైల్లోకి పోతుంది.”

“పోనీండి.”

ఆయన ఆమెను కొత్తగా చూశాడు. “సరే. అసలు కారణం ఏమిటి?”

సునయన చెప్పింది. ఆనందన్ లేచి, తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

“మేడం, అది కారణం కాదు. అది మర్యాద.”

“ఒక్క కోటి సంగతే కాదండీ. నేను వచ్చాక కుట్లు విడినవాళ్ళు గుర్తున్నంతవరకు అందరూ సాష్టాంగం పడినవాళ్ళే. ఇక్కడే ఆపరేషనైన షీబా గారు చేతులు జోడించి, ప్రార్థన చేసుకుని వెళ్ళిపోయారు, ఆవిడ కుట్టు చెక్కుచెదరలేదు. షోళింగనల్లూరు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి సాయి తేజ డాక్టరుగారితో సెల్ఫీ తీసుకుని పోయాడు, ఆరు వారాలకి క్రికెట్ ఆడుతున్నాడట.”

“అయితే అందరినీ సెల్ఫీ తీసుకోమందామా?”

ఆయన వేళాకోళం ఆడుతున్నాడో నిజంగానే అడుగుతున్నాడో సునయనకు అర్థం కాలేదు. ఆనందన్ గారితో అదే కష్టం. చివరికి ఆయన, పెద్దాయన ఒప్పుకుని సంతకం పెడితే తనకేం అభ్యంతరం లేదన్నాడు. పిల్లి మెడలో గంట కట్టే పని ఆమెకే అప్పజెప్పి, రంగులవాళ్ళను కేకలేయడానికి వెళ్ళిపోయాడు.

తిరువేంగడం గారు ఓపిగ్గానే విన్నారు. విన్నాక మీసం దువ్వుకున్నారు.

“మొక్కితే కుట్టు విడుతుందా అమ్మా? అది నేను వేసిన ముడి.”

“ముడి బాగానే ఉంది సార్. పొరే తెగింది. వంగారు, బోర్లా పడుకున్నారు, మోచేతుల మీద బలవంతాన లేచారు. పొట్ట మీద అంత బరువు పడింది.”

“అది బరువు కాదు. భక్తి.”

“పొట్టకి తేడా తెలీదు సార్.”

  ఇంత దూరం వచ్చాక ఆగితే ఇక ఎప్పటికీ అనలేనని తెలిసి, సునయన మిగిలింది కూడా అనేసింది.

“అమ్ములు ఆపబోయింది సార్, చొక్కా పట్టుకుంది. మీరే ‘విడువమ్మా, మొక్కనీ’ అన్నారు.”

“నేనా?”

“మీరే. నేను పక్కనే ఉన్నాను.”

“పక్కనే ఉంటే నువ్వెందుకు ఆపలేదు?”

“తోచలేదు సార్. వంగకూడదని అంతకుముందే చదివి వినిపించాను. మీ దగ్గర వంగడం కూడా వంగడమేనని నాకూ తట్టలేదు.”

అప్పుడే తలుపు తీసుకుని ఆశ సిస్టరు ఒక ముసలాయన్ని వెంటబెట్టుకొచ్చింది. రామసామి అని, హెర్నియా ఆపరేషన్ చేయించుకుని ఆ రోజే ఇంటికి పోతున్నాడు. చేతిలో నిమ్మకాయలు, ఒక పూలదండ. దండ బల్ల మీద పెట్టి, నిమ్మకాయలు దండ మీద పెట్టి, భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరిచాడు. అలవాటు ప్రకారం డాక్టరుగారి కుర్చీ పక్కకు తిరిగింది. తెల్ల సాక్సులు బయటికి వచ్చాయి. చెయ్యి దీవించడానికి లేచింది.

డాక్టరుగారు సునయన వంక చూశారు. ఆమె ఆయన ముఖం చూడటం లేదు, కాళ్ళు చూస్తోంది. రామసామి ఒక చెయ్యి పొట్టకు అడ్డం పెట్టుకుని వంగబోయాడు.

తిరువేంగడం గారు రెండు కాళ్ళూ ఎత్తి కుర్చీ మీద మఠం వేసుకున్నారు.

అది తిరిగే కుర్చీ. కాళ్ళు ఎత్తిన ఊపుకు అది మెల్లిగా గుండ్రంగా తిరిగింది. డాక్టరుగారు కిటికీ వైపు, బీరువా వైపు ఒకసారి చూసి మళ్ళీ యథాస్థానానికి వచ్చారు. రామసామి సగం వంగినవాడల్లా ఆగి, నేల మీద వెతికి, బల్ల కింద కూడా చూశాడు. అక్కడ బూట్లున్నాయి కాని వాటిలో కాళ్ళు లేవు.

“కాళ్ళేవి డాక్టర్?” అని తమిళంలో అడిగాడు.

“ఇవాళ లేవు” అన్నారు డాక్టరుగారు. “నిలబడి చెయ్యెత్తి దండం పెట్టి వెళ్ళండి. అది చాలు.”

రామసామి అలాగే చేశాడు గాని, తృప్తి లేనట్టు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళాడు. ఆశ సిస్టరు తువ్వాలు తీసి అతని వెనకాలే పట్టుకెళ్ళింది.  డాక్టరుగారు ఇంకా కాళ్ళు దించలేదు. ఆ కాళ్ళ వంక ఆయనే చూసుకుంటున్నారు. ముఖంలో గర్వం లేదు, కోపం కూడా లేదు. సునయనకు ఆ క్షణాన ఆయన మీద జాలేసింది.

“రాసుకో” అన్నారు చివరికి.

“ఏ వైపు సార్?”

“ఆసుపత్రి వైపు.”

“ఆసుపత్రి వైపు చీము, దారం, ముడి ఈ మూడే ఉన్నాయి సార్.”

“ఇంకొకటి పెట్టు. డాక్టరు కాళ్ళు అని పెట్టు.”

సునయన రాసుకుంది. డాక్టరుగారు సంతకం పెట్టి, ఆనందన్ ఏమంటాడో అని అడిగారు. దయచేసి మొక్కవద్దు అని మూడు భాషల్లో బోర్డు పెట్టిస్తారేమో అంది ఆమె.

“బోర్డుకి మొక్కుతారు” అన్నారాయన.

సునయన కాగితం తీసుకుంది గాని లేవలేదు. “సార్, ఇది మారిస్తే చాలదు. మునెమ్మగారికి చదువు రాదు. ఎవరు చదివి చెప్పినా కోడలే రాయించిందంటుంది. మీరు చెబితేనే నమ్ముతుంది.”

ఆయనకు అది కాగితం మీద సంతకం కంటే కష్టమైన పని అని ఆమెకు తెలుసు. వార్డు నిండా ఆయన కుట్టిన మనుషులే. వాళ్ళందరి ముందు, తనను దేవుడనుకుంటున్న మనిషి ముందు, తప్పు నాదని చెప్పాలి. ఆయన కాసేపు పూలదండలోంచి ఒక రేకు తుంచి వేళ్ళ మధ్య నలిపారు. తర్వాత కాళ్ళు దించి, బల్ల కింద నుంచి బూట్లు లాక్కుని తొడుక్కున్నారు.

మెట్ల దగ్గర అమ్ములు ఇంకా అక్కడే ఉంది. డాక్టరుగారిని చూసి లేచి, గోడకు ఒదిగి నిలబడింది. ఆయన ఆమె దగ్గర ఒక్క క్షణం ఆగారు. తర్వాత లోపలికి వెళ్ళారు.

ఆయన్ని చూడగానే మునెమ్మ గభాల్న లేచింది. చేతులు జోడించి వంగబోయింది. డాక్టరుగారు ఒక్కడుగు వెనక్కి వేసి సెలైన్ స్టాండు అవతల నిలబడ్డారు.

“నిలబడు మునెమ్మా. నేను చెప్పేది విను. నీ కొడుకు కుడాలు మోయలా. ఏ బరువూ ఎత్తలా. ఇంటికి పోయే పొద్దు నా కాళ్ళ మింద పడినాడు. అప్పుడే లోపల కుట్టు విడింది. నీ కోడలు వద్దని చొక్కా పట్టుకునింది. విడిచిపెట్టమని చెప్పింది నేను.”

చుట్టూ మంచాల మీదివాళ్ళు ఇటు తిరిగారు. మునెమ్మ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది.

“ఆ పిల్లని కాపాడేదానికి చెప్తా ఉండారా సామీ?”

“కాదు. జరిగింది చెప్తా ఉండా.”

మునెమ్మ స్టూలు మీద కూలబడింది. పైట అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. కోటి కళ్ళు మూసుకున్నాడు, నిద్రపోతున్నవాడిలా కాదు, వినబడకూడదనుకునేవాడిలా.

“ఆ పొద్దు ఫోన్ జేసింది నేనే సామీ” అంది మునెమ్మ. “డాక్టరయ్య కాళ్ళ మింద పడకుండా ఇంట్లోకి రావొద్దురా, సుమ్మా ఊరికే వంగేది గాదు, పూర్తిగా పడాల అని చెప్పినా. వాడు వద్దమ్మా నొప్పిగా ఉండాది అంటానే ఉన్న్యాడు.”

 సునయన చేతిలోనే రిపోర్టుంది, జేబులో పెన్నుంది. రూలు ప్రకారం ఇప్పుడు రోగి వైపు కూడా ఒక కారణం తేలింది. ఆమె పెన్ను తీయలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది.

మునెమ్మ లేచి, ఎవరి వంకా చూడకుండా వార్డు దాటి మెట్ల దగ్గరకు నడిచింది. అమ్ములు ఆమెను చూసి క్యారియరు చేతిలోకి తీసుకుంది, వెళ్ళిపొమ్మంటుందనుకుని. మునెమ్మ పైట కింద నుంచి పాసు తీసి, తాడు చిక్కు విడదీసి, కోడలి మెళ్ళో వేసింది.  అమ్ములు తబ్బిబ్బై, అలవాటు కొద్దీ అత్త కాళ్ళకు మొక్కడానికి వంగబోయింది.

మునెమ్మ ఆమె రెండు భుజాలూ గట్టిగా పట్టి ఆపింది.

“వద్దు. మన ఇంట్లో వంగింది చాలు” అంది. “పో, వాడికి ఆకలిగా ఉంటాది. నువ్వు గూడా తిను.”

వాచ్‌మన్ పాసు చూసి పక్కకు జరిగాడు. అమ్ములు లోపలికి వెళ్ళింది. మునెమ్మ ఆ మెట్టు మీదే, కోడలు లేచిన చోటే కూర్చుంది.